ఉప్పునీటి జాడీ నుంచి ఛాతీ పట్టీ దాకా

కిందటి వేసవిలో ఒక ఉదయం మా మేనల్లుడు సైకిలును గోడకు ఆనించి, ముఖం పాలిపోయి ఇంట్లోకి వచ్చాడు. మేముండేది జంషెడ్‌పూర్‌లోని కద్మాలో. కద్మా నుంచి సోనారి వైపు ఖర్‌కాయీ నది వెంట సాగే రోడ్డును ఇక్కడివాళ్లు మెరైన్ డ్రైవ్ అంటారు. ఇంజనీరింగ్ చదువుతున్న ఆ కుర్రవాడు రోజూ తెల్లవారుజామున ఆ రోడ్డు మీద గంటసేపు సైకిలు తొక్కుతాడు. ఛాతీకి ఒక పట్టీ, చేతికి ఒక గడియారం ఉంటాయి. పట్టీ గుండె స్పందనలను పసిగట్టి, తీగ లేకుండానే గడియారానికి పంపుతుంది. నిమిషానికి ఎన్ని స్పందనలో గడియారం అంకెల్లో చూపుతుంది. ఆ రోజు అది 218 చూపింది.

"మావయ్యా, నా గుండెకేమైనా అయిందా?" అన్నాడు.

ఫ్యాను కింద కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ 15 సెకన్లు లెక్కపెట్టాను. 29 వచ్చాయి. నాలుగుతో హెచ్చిస్తే 116. అప్పుడే సైకిలు దిగినవాడికి అది మామూలే. చేతి గడియారం మాత్రం ఇంకా 200 పైనే చూపుతోంది. పట్టీ విప్పించి తిరగేసి చూశాను. చర్మానికి ఆనే రెండు మెత్తటి భాగాలు గరుకెక్కాయి. ఒకదాని అంచు పెచ్చులు లేస్తోంది. పెట్టెను తగిలించే లోహపు గుండీలకు పచ్చటి చిలుము పట్టింది. గుండె బాగానే ఉంది, పాడైంది పట్టీ.

భయం తీరగానే కోపం వచ్చింది వాడికి. "కొని రెండేళ్లు కూడా కాలేదు. అసలివి ఎన్నాళ్లు మన్నాలి?"

చిన్న ప్రశ్నే. కానీ దీనికి జవాబు దొరకాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లి, ఉప్పునీటి జాడీల్లో కాళ్లు పెట్టి నిలబడిన ఒక కుక్కను పలకరించి రావాలి.

నాడి నుంచి విద్యుత్తుకు

గుండె వేగాన్ని గమనించడం కొత్త విద్య కాదు. మన వైద్యులు నాడి పట్టుకుని రోగం చెప్పేవారని అందరికీ తెలుసు. అయితే నాడి నడక ఎలా ఉందో వర్ణించడం వేరు, నిమిషానికి ఇన్ని స్పందనలు అని అంకె చెప్పడం వేరు. అంకె కావాలంటే చిన్న చిన్న కాలాలను కొలిచే సాధనం ఉండాలి. 17వ శతాబ్ది తొలినాళ్లలో ఇటలీ వైద్యుడు సాంతోరియో ఒక దారానికి గుండు కట్టి లోలకం తయారుచేశాడు. రోగి నాడితో లోలకం ఊపు కలిసేదాకా దారాన్ని పొడవు చేయడమో పొట్టి చేయడమో చేసేవాడు. అంటే ఆయన నాడి వేగాన్ని పొడవుతో కొలిచాడన్నమాట! 1707లో ఇంగ్లండుకు చెందిన జాన్ ఫ్లాయర్ నాడి చూడడం కోసమే ఒక నిమిషం పాటు నడిచే గడియారాన్ని చేయించాడు. నేను మా మేనల్లుడి నాడి చూసిన పద్ధతికి మూలపురుషుడు ఆయనే.

ఈ పద్ధతులన్నిటికీ ఒకటే చిక్కు. నాడి చూసేవాడూ చూపించుకునేవాడూ ఇద్దరూ కదలకుండా ఉండాలి. సైకిలు తొక్కేవాడి మణికట్టు పట్టుకుని పక్కన పరుగెత్తలేం కదా.

దారి మరోవైపు నుంచి తెరుచుకుంది. గుండె సంకోచించే ప్రతిసారీ దాని కండరంలో విద్యుత్తు పుడుతుంది. 1856లో జర్మనీలో కోలికర్, ముల్లర్ అనే శాస్త్రవేత్తలు కప్ప కాలి కండరాన్ని దాని నరంతో సహా తీసి, కొట్టుకుంటున్న గుండెకు ఆ నరం తగిలేలా ఉంచారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా కాలి కండరం తుళ్లిపడింది. గుండె దగ్గర విద్యుత్తు ఉందనడానికి అదే సాక్ష్యం. కానీ మనిషి ఛాతీని కోయకుండా దాన్ని పట్టుకోవడం ఎలా?

మన శరీరంలో ఎక్కువ భాగం ఉప్పునీరే. ఉప్పునీరు విద్యుత్ వాహకం. కాబట్టి గుండెలో పుట్టిన విద్యుత్తు చర్మం దాకా వస్తుంది. కాకపోతే చాలా బలహీనంగా వస్తుంది. చర్మం మీద అది సుమారు ఒక మిల్లీవోల్టు. టార్చిలైటు ఘటంలో ఉండే 1.5 వోల్టులలో పదిహేను వందలో వంతు.

1887లో లండన్‌లోని సెయింట్ మేరీ ఆస్పత్రిలో అగస్టస్ వాలర్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఈ చిన్న విద్యుత్తును మొదటిసారి మనిషి దగ్గర నమోదుచేశాడు. సన్నని గాజు గొట్టంలోని పాదరసం విద్యుత్తుకు కొద్దిగా కదిలేది. ఆ కదలిక నీడను బొమ్మ రైలుబండి మీద పెట్టిన ఫోటో పలక మీద పడేలా చేశాడు. బండి మెల్లగా కదులుతుంటే పలక మీద గీత పడేది. పిల్లల ఆటవస్తువుతో ఇంత పెద్ద పని!

వాలర్ దగ్గర జిమ్మీ అనే బుల్‌డాగ్ ఉండేది. దాని కాళ్లను ఉప్పునీరు పోసిన గాజు జాడీల్లో పెట్టించి ఆయన ప్రదర్శనలిచ్చేవాడు. 1909లో రాయల్ సొసైటీ సభలో ఈ ప్రదర్శన చూసినవారిలో ఎవరికో అది జంతుహింసలా తోచింది. విషయం బ్రిటిష్ పార్లమెంటులో ప్రశ్నగా వచ్చింది. ఆ జాడీల్లో ఉన్నది మామూలు ఉప్పు కలిపిన నీళ్లేనని మంత్రి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

నవ్వొచ్చే కథే కానీ, జాడీల్లోని ఆ ఉప్పునీటిని మరిచిపోవద్దు. మన ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

వెండి పూత పూసిన దారం

1889లో స్విట్జర్లాండులోని బాసెల్‌లో వాలర్ ప్రదర్శన చూసినవారిలో విల్లెం ఐంథోవెన్ ఒకడు. హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. పాదరసం బరువైనది, గుండె విద్యుత్తు వేగాన్ని అందుకోలేదు. పాదరసానికి బదులు కంటికి కనిపించనంత సన్నని క్వార్ట్జ్ దారాన్ని తీసుకుని, దానికి వెండి పూత పూసి, బలమైన విద్యుదయస్కాంతం మధ్య వేలాడదీశాడు ఐంథోవెన్. దారంలో విద్యుత్తు ప్రవహిస్తే అది పక్కకు కదులుతుంది. 1901లో ప్రకటించిన ఈ పరికరంతోనే నేటి ఈసీజీ మొదలైంది. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ యంత్రం బరువు సుమారు 270 కిలోలు. నడపడానికి ఐదుగురు కావాలి. దాన్ని ఆస్పత్రికి మోసుకుపోవడం కుదరదు గనుక 1905లో ఐంథోవెన్ ఒక ఉపాయం చేశాడు. ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని ఆస్పత్రి నుంచి తన ప్రయోగశాలకు తీగ వేయించి, రోగుల గుండె విద్యుత్తును ఆ తీగ గుండా రప్పించుకున్నాడు. ఆస్పత్రిలో రోగి రెండు చేతులూ ఒక కాలూ ఉప్పునీటి జాడీల్లో పెట్టుకుని కూర్చునేవాడు.

జాడీలెందుకు? లోహపు తీగలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రాన్లు. శరీరంలో మోసేవి సోడియం, క్లోరైడు వంటి అయాన్లు. ఈ రెండు రకాల ప్రవాహం ఒకదానికొకటి అందే చోటే చర్మం. పొడి చర్మం పైపొర దాదాపు విద్యుత్ నిరోధకం. ఆ పొర తడిస్తే తప్ప ఒక మిల్లీవోల్టు దాటలేదు. ఉప్పునీరు ఆ పొరను నానబెట్టి గుండెకూ తీగకూ మధ్య వంతెన కడుతుంది.

తరువాతి కాలంలో జాడీలు పోయి లోహపు పలకలు వచ్చాయి, వాటి కింద ఉప్పు కలిసిన జిగురు వచ్చింది. ఆకారం మారినా ఉప్పునీటి అవసరం పోలేదు.

వీపు మీద 38 కిలోలు

ఇప్పుడు సైకిలు దగ్గరికి వద్దాం. కదిలే మనిషి గుండెను వినాలన్న పట్టుదల అమెరికాలో మోంటానా రాష్ట్రపు హెలెనా పట్టణవాసి నార్మన్ హోల్టర్‌ది. ఆయన వైద్యుడు కాదు, భౌతిక శాస్త్రవేత్త. మంచం మీద పడుకోబెట్టి తీసిన ఈసీజీ, పనిచేసుకునే మనిషి గుండె సంగతి చెప్పదు కదా అన్నది ఆయన వాదన. 1940ల చివర ఆయన తయారుచేసిన రేడియో ప్రసారిణి బరువు దాదాపు 38 కిలోలు. దాన్ని వీపుకు తగిలించుకుని, కదలని వ్యాయామ సైకిలు తొక్కుతూ తన గుండె సంకేతాలను తానే ప్రసారం చేశాడు. వీపు మీద ముప్పావు బస్తా సిమెంటు మోస్తూ సైకిలు తొక్కడం ఊహించుకోండి. ట్రాన్సిస్టర్లు వచ్చాక పరికరం చిక్కిపోయింది. 1961లో ఆయన వ్యాసం 'సైన్స్' పత్రికలో వచ్చింది. నేడు హృద్రోగులకు రోజంతా తగిలించే హోల్టర్ పరికరానికి ఆయన పేరే.

అయితే ఆటగాళ్లకు ఈసీజీ గీతంతా అక్కర్లేదు. ఆ గీతలో అన్నిటికన్నా పొడవుగా లేచే ఒక శిఖరం ఉంటుంది. ఒక శిఖరానికీ తరువాతి శిఖరానికీ మధ్య ఎంత కాలం గడిచిందో తెలిస్తే చాలు. అరసెకను గడిస్తే నిమిషానికి 120. ఈ ఒక్క లెక్క కోసం ఐతే పరికరాన్ని అరచేతిలో ఇమడ్చవచ్చు.

ఆ పని ఫిన్లండులో జరిగింది. ఔలు విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ఆచార్యుడు సెప్పో సైనాయాకంగాస్. శిక్షణ సమయంలో మంచు మీద స్కీయింగ్ చేసేవారి గుండె వేగాన్ని నమ్మకంగా కొలిచే మార్గం లేదని ఒక శిక్షకుడు ఆయనతో వాపోయాడట. 1977లో ఆయన పోలార్ అనే సంస్థను స్థాపించాడు. అది ఔలు పక్కనే ఉన్న కెంపెలెలో ఉంది. 1979లో తీగ లేని కొలత విధానానికి పేటెంటు కోరారు. 1980ల ఆరంభంలో 'స్పోర్ట్ టెస్టర్' బజారులోకి వచ్చింది. ఛాతీకి పట్టీ, చేతికి గడియారం, రెండింటికీ మధ్య తీగ లేదు. మా మేనల్లుడు కట్టుకున్నదానికి అదే తాత.

సైకిలు పందేలవాళ్లు దీన్ని వెంటనే అందుకోవడానికి ఒక కారణం ఇటలీ. ఫెరారా విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంచెస్కో కొంకోనీ 1982లో ఒక పరీక్షా పద్ధతి ప్రచురించాడు. వేగం పెంచుతూ పోతే గుండె స్పందనలు కూడా సరళరేఖలా పెరుగుతాయి, ఒక స్థాయి దాటాక ఆ రేఖ వంగుతుంది, ఆ వంపు దగ్గరి వేగమే మనిషి ఎక్కువసేపు నిలబెట్టుకోగల వేగం అన్నాడు. ఆ వంపు అందరిలోనూ కనిపించదని తరువాత చాలామంది విమర్శించారు. కానీ 1984 జనవరిలో కొంకోనీ బృందం తర్ఫీదులో ఫ్రాంచెస్కో మోజర్ మెక్సికో నగరంలో గంటలో తొక్కిన దూరపు రికార్డును నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు బద్దలుకొట్టాడు. మొదట 50.808, తరువాత 51.151 కిలోమీటర్లు. 1972 నుంచి నిలిచిన ఎడ్డీ మెర్క్స్ రికార్డు 49.431. మోజర్ విజయంలో కొత్త రకం చక్రాలకూ, ఎత్తైన ఊళ్లోని పల్చటి గాలికీ, అప్పటికి ఇంకా నిషేధించని రక్తమార్పిడికీ కూడా భాగముంది. ఆ సంగతి తరువాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో జనం మాత్రం గుండె లెక్క మహిమ అనే అనుకున్నారు. పట్టీ కట్టనివాడు వెనకబడినవాడయ్యాడు.

చెమట చేసే పని

ఇంతకూ పట్టీలో జాడీ ఏది? ఉప్పునీరేది?

రెండూ మన ఒంటి మీదే ఉన్నాయి. పట్టీ లోపలివైపు కుడి ఎడమలకు ఒక్కో ఎలక్ట్రోడు ఉంటుంది. సైకిలు తొక్కేవాడి చెమటే దానికి ఉప్పునీరు. అందుకే కట్టుకునే ముందు ఆ భాగాలను తడపమని తయారీదారులు చెబుతారు. తడపకుండా కడితే మొదటి పది నిమిషాలు అంకెలు ఎగిరెగిరి పడతాయి. దానికి తోడు ఎదురుగాలికి నైలాను చొక్కా పొడి చర్మం మీద రెపరెపలాడి స్థిర విద్యుత్తు పుట్టిస్తుంది. దువ్వెన తలకు రాసి కాగితం ముక్కలను ఆకర్షించే ప్రయోగం మీరు చేసే ఉంటారు, అదే. పాపం పరికరం దాన్ని కూడా గుండె స్పందనే అనుకుంటుంది. చెమట పట్టగానే అంకెలు దారికొస్తాయి.

చెమట లేనిదే పట్టీ పనిచేయదు. ఆ చెమటే పట్టీని తినేస్తుంది. అదీ అసలు సంగతి.

లెక్క చూడండి. ఎండాకాలంలో గట్టిగా సైకిలు తొక్కితే గంటకు ఒక లీటరు దాకా చెమట పోవచ్చు. లీటరు చెమటలో రెండు గ్రాముల ఉప్పు అనుకుందాం (కొందరిలో ఇంతకన్నా తక్కువ, కొందరిలో ఎక్కువ). ఏడాదికి 300 గంటలు తొక్కేవాడి ఒంటి నుంచి 600 గ్రాముల ఉప్పు పోతుంది. అందులో చిన్న భాగమే పట్టీలోకి ఇంకినా అది తక్కువేమీ కాదు. మా నాన్న కార్ఖానాలో కొలిమి దగ్గర డ్యూటీ చేసి వచ్చిన రోజున ఆయన ఖాకీ చొక్కా వీపు మీద తెల్లటి చారలు కట్టేవి. చిన్నప్పుడు సున్నం అంటుకుందనుకునేవాడిని. 1912లో తొలి ఉక్కు దిమ్మ పోసినప్పటి నుంచీ ఈ ఊళ్లో ఎన్ని చొక్కాల మీద ఆ చారలు కట్టాయో!

ఇప్పటి గుడ్డ పట్టీల్లో ఎలక్ట్రోడు చాలావరకు వెండి పూసిన నైలాను దారంతో నేసి ఉంటుంది, లేదా కర్బనం కలిపిన మెత్తటి ప్లాస్టిక్ పూతతో ఉంటుంది. ఐంథోవెన్ దారానికి వెండి పూసినట్లే ఇక్కడా వెండి. కానీ ఆయన దారం చెమట ఎరుగదు. చెమటలోని క్లోరైడు వెండితో కలిసి సిల్వర్ క్లోరైడు అవుతుంది. పల్చగా ఉన్నంతవరకు ఆ పొర మేలే చేస్తుంది. ఆస్పత్రి ఈసీజీ బిళ్లల్లో కావాలనే దాన్ని ఉంచుతారు. కానీ పట్టీని రోజూ సాగదీసి, రుద్ది, ఉతుకుతుంటే పూత కొద్దికొద్దిగా రాలిపోతుంది. గంధకపు సమ్మేళనాలు వెండిని నల్లబరుస్తాయి. ఇంట్లో అమ్మాయిల వెండి పట్టీలు నల్లబడేది ఈ కారణంగానే. వాటికి చింతపండు రాసి తోమవచ్చు గాని గుడ్డలోని వెండి పూతను తోమితే ఉన్నది కూడా ఊడుతుంది.

గుండీల దగ్గర మరో రసాయన చర్య జరుగుతుంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో తగిలి ఉంటే అది ఒక విద్యుద్ఘటం. తడి పట్టీకి పెట్టెను తగిలించే వదిలేస్తే గుండీ మెల్లగా కరుగుతూ ఉంటుంది. మా మేనల్లుడి పట్టీకి పట్టిన చిలుము అదే.

ఇవి కాక సాగే రబ్బరు దారాలు ఎండకూ, వేడికీ, ఒంటి నూనెకూ బిగువు కోల్పోతాయి. వదులైన పట్టీ ఛాతీ మీద జారుతుంది. జారినప్పుడల్లా అంకె తప్పు. మా వైపు దోమలు ఎక్కువ గనుక నదీతీరానికి వెళ్లేవాళ్లు దోమల మందు పూసుకుంటారు. అందులో వాడే డీట్ అనే పదార్థం కొన్ని ప్లాస్టిక్‌లనూ సాగే దారాలనూ మెత్తబరుస్తుంది. పట్టీ తగిలే చోట అది పూయకూడదు. వానాకాలంలో ఇంకో తంటా. జులై, ఆగస్టుల్లో కద్మాలో బాల్కనీలో ఆరేసిన తువ్వాలే రెండు రోజులకు గాని ఆరదు. దళసరి పట్టీ సంగతి చెప్పాలా?

సీలు వేసిన పెట్టె

గుడ్డ పట్టీలు రాకముందు, 1990లలో, పట్టీ అంటే గట్టి ప్లాస్టిక్ ముక్క. ఎలక్ట్రోడ్లు, ప్రసారిణి, బ్యాటరీ అన్నీ అందులోనే ఉండి సీలు వేసి ఉండేవి. ఒంటికి ఒరుసుకునేది, కానీ చెమట లోపలికి పోయే దారి లేదు. బాగా వాడుకలో ఉన్న పోలార్ టీ 31 రకం ఆయుష్షు సుమారు 2,500 గంటలని తయారీదారే చెప్పేవాడు. రోజుకు గంట చొప్పున దాదాపు ఏడేళ్లు! ఆ ఏడేళ్లూ అయ్యాక మాత్రం బ్యాటరీ మార్చే వీలు లేదు. మొత్తం ముక్కను పారేయవలసిందే.

దాని సంకేతం సుమారు 5 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం గల అయస్కాంత క్షేత్రం. మీటరు దూరం దాటదు. గుంపుగా తొక్కేటప్పుడు పక్కవాడి గుండె మన గడియారంలో కనిపించేది. తరువాత సంకేతాలకు గుర్తులు జోడించి ఆ గందరగోళం తగ్గించారు. రైలు విద్యుత్ తీగల కింద, హైటెన్షన్ స్తంభాల దగ్గర కూడా అది తత్తరపడేది. ఒక్క సుగుణం ఉంది. ఆ క్షేత్రం నీళ్లలోంచి పోగలదు, ఈతగాళ్లకు పనికొస్తుంది. ఇప్పటి పట్టీలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలను నీరు మింగేస్తుంది.

2000ల దశకంలో పట్టీ రెండు ముక్కలైంది. ఛాతీకి ఉతకగల గుడ్డ, దానికి గుండీలతో తగిలే చిన్న పెట్టె. పెట్టెలో మార్చుకోగల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. ఆ బ్యాటరీ మీద 2032 అనో 2025 అనో రాసి ఉంటుంది. 20 అంటే వ్యాసం మిల్లీమీటర్లలో, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. అంకెలు చూసి సైజు చెప్పేయవచ్చు.

పోలార్ హెచ్ 10 అనే ఇప్పటి రకానికి బ్యాటరీ 400 గంటలు వస్తుందని తయారీదారు చెబుతాడు. రోజుకు గంటైతే ఏడాది పైన. అయితే ఈ పెట్టెకు వేరే స్విచ్ లేదు. రెండు గుండీల మధ్య తడి తగిలితే ఛాతీకి కట్టుకున్నారనుకుని మేల్కొంటుంది. తొక్కి వచ్చి తడి పట్టీకి తగిలించే ఉంచితే, అది ఆరేదాకా మేల్కొనే ఉండవచ్చు. పది గంటలు అనుకుందాం. తొక్కిన గంటతో కలిపి రోజుకు 11 గంటలు. 400ను 11తో భాగిస్తే 36 రోజులు! నెలకో బ్యాటరీ మింగుతోందని పరికరాన్ని తిట్టుకునేవాళ్లలో సగం మంది చేసే పొరపాటు ఇదేనని నా అనుమానం.

ఇప్పుడు మా మేనల్లుడి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. పట్టీ ఎన్నాళ్లుంటుందన్నది ఒక ప్రశ్న కాదు, మూడు. బ్యాటరీ కొన్ని వందల గంటలు. పెట్టె, లోపలికి నీరు పోనంతవరకు, ఏళ్ల తరబడి. గుడ్డ అన్నిటికన్నా ముందు పోతుంది. రోజూ తొక్కుతూ కడగకుండా వదిలేస్తే కొన్ని నెలలు, ప్రతిసారీ మంచినీళ్లలో జాడించి నీడన ఆరేస్తే ఏడాది, రెండేళ్లు, అదృష్టముంటే ఇంకొంచెం. కాబట్టి అంకెలు తప్పితే మొత్తం పరికరాన్ని మార్చే పనిలేదు. ముందు బ్యాటరీ మార్చి చూడాలి. అప్పటికీ తప్పితే గుడ్డ ఒక్కటే విడిగా కొనుక్కోవాలి. నా ఫిర్యాదల్లా ఒకటే. ఆ విడి గుడ్డ పెద్ద నగరాల్లో దొరికినంత సులువుగా మనలాంటి ఊళ్లలో దొరకదు. దొరక్క మొత్తం కొనేవాళ్లే ఎక్కువ.

మణికట్టు మీద పచ్చటి కాంతితో రక్త ప్రవాహాన్ని చూసి గుండె వేగం చెప్పే గడియారాలు వచ్చాయి కదా, పట్టీ ఎందుకని మీరడగవచ్చు. సైకిలు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు, గతుకుల్లో చెయ్యి అదిరినప్పుడు ఆ కాంతి లెక్క తడబడుతుంది. విద్యుత్తును నేరుగా వినే పట్టీ ఇప్పటికీ ఎక్కువ నమ్మకమైనది. అది పాడైపోనంతవరకు.

పట్టీయా, గుండెయా?

ఆ 218 కథ మా వీధిలో నవ్వుకునే కథ అయింది. మా పక్క క్వార్టర్సులో ఉండే పెద్దాయన, కార్ఖానాలో పదవీ విరమణ చేశాక సైకిలు మొదలుపెట్టారు. ఆయనా ఒక పట్టీ కొన్నారు. చలికాలంలో ఒకరోజు తొక్కుతుండగా ఆయన గడియారం ఉన్నట్టుండి 110 నుంచి 190కి ఎగబాకింది. చలికి చర్మం పొడిబారి ఉంటుందని, పట్టీ మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లుకుని ఇంకో రెండు కిలోమీటర్లు తొక్కారు. అంకె దిగలేదు. ఇంటికొచ్చి నవ్వుతూనే, "మీ వాడిలాగే నా పట్టీ కూడా పోయిందండీ" అన్నారు. ముఖంలో మాత్రం కళ లేదు. నుదురంతా చల్లటి చెమట.

మణికట్టు పట్టుకున్నాను. 15 సెకన్లలో 46. అంటే 184. పట్టీ నిజమే చెబుతోంది.

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాం. వైద్యులు ఈసీజీ తీసి గుండె లయ తప్పిందన్నారు. మందుతో అదే రోజు సర్దుకుంది. ఆ తరువాత చికిత్స సాగింది. ఇప్పుడు బాగున్నారు, మెల్లగా తొక్కుతున్నారు.

ఆ రెండు ఉదయాల మధ్య తేడా చెప్పింది గడియారం కాదు. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేదే గరిష్ఠ స్పందన అని చాలామంది నమ్ముతారు. అది సగటు లెక్క. మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి అంకె పెద్దదైనంత మాత్రాన అబద్ధమనీ అనలేం, నిజమనీ అనలేం. పట్టీ దోషమైతే ఎక్కువగా మొదట్లో, చర్మం పొడిగా ఉన్నప్పుడు వస్తుంది, అంకె ఎగిరిపడుతూ ఉంటుంది, తడిపితే దిగుతుంది. ఒక్కసారిగా ఎగబాకి అక్కడే నిలిచిపోయి, ఆగి కూర్చున్నా దిగకపోతే, గుండె దడగానో తల తిరుగుతున్నట్టో ఛాతీలో బరువుగానో ఉంటే పట్టీని తిట్టుకుంటూ కూర్చోకూడదు. వేళ్లతో నాడి చూసుకోవాలి. లెక్క తేలినా తేలకపోయినా వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

మా మేనల్లుడు కొత్త గుడ్డ తెప్పించుకున్నాడు. వెనకవైపు, చర్మానికి తగలని చోట, కట్టడం మొదలుపెట్టిన తేదీ చెరగని సిరాతో రాశాడు. తొక్కి రాగానే పెట్టె ఊడదీసి, కుళాయి కింద పట్టీ జాడించి, వంటింటి కిటికీ చువ్వకు ఆరేస్తాడు. మా అక్కయ్యకు ఆ వేలాడే పట్టీ చూస్తే చిరాకు. నిన్నటికి పద్నాలుగు నెలలు. ఒక అంచు అప్పుడే కొద్దిగా గరుకెక్కింది.